అయిదుకి అయిదు

ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో పరీక్ష మొదలయ్యేది. భోజనాల బల్లకి ఒకవైపు ఆయన, ఎదురుగా ఎర్ర పెన్నూ గీతల నోటుపుస్తకంతో ఆవిడ. ముందు చిన్న టార్చితో ఆయన కళ్లలోకి వెలుతురు వేసి, రెండు కంటిపాపలూ సమంగా చిన్నవవుతున్నాయో లేదో చూసేది. తర్వాత తేదీ, వారం అడిగేది. చివరికి అయిదు మాటలు చెప్పి, టీ తాగాక వాటిని తిరిగి చెప్పమనేది.

ఆయన ముప్పయ్యేళ్లుగా సిటీబస్సు డ్రైవరు. ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు. అయిదు వారాల కిందట డిపోలో బస్సులు కడిగేచోట కాలు జారి పడి, ఆయన తల సిమెంటు గట్టుకి కొట్టుకుంది. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. మొదటి నాలుగు రోజులూ పుర్రెలోకి సన్నని తీగ పెట్టి, లోపలి ఒత్తిడి ఎంతుందో యంత్రం మీద చూస్తూ కూర్చున్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, ఇకమీదట ఆ యంత్రం చేసిన పని ఇంట్లోవాళ్లే చెయ్యాలన్నాడు. కొందరికి వారాలు గడిచాక కూడా లోపల రక్తం మెల్లగా చేరుతుందట. తలనొప్పి, మగత, తడబాటు, మరపు, ఏది కనిపించినా రాయాలి. ఎక్కువవుతుంటే ఆ పూటే తీసుకురావాలి.

"పెళ్లయిన ఇన్నేళ్లకి నన్ను ఒకటో తరగతిలో కూర్చోబెట్టావు టీచరమ్మా," అని ఆయన వేళాకోళం చేసేవాడు. తన క్లాసులో నిజంగా చేరుంటే ఈ వాగుడికి రోజూ బెంచీ ఎక్కేవాడివని ఆవిడ కళ్లతోనే చెప్పేది. అయిదు మాటలూ ఆయన గడగడా అప్పజెప్పేవాడు. అయిదుకి అయిదు వేసి ఆవిడ కింద గీత గీసేది. రాబోయే గురువారం డాక్టరు ఆ పుస్తకం చూసి, బాగుందనుకుంటే మళ్లీ డ్యూటీకి వెళ్లవచ్చని కాగితం రాసిస్తాడు. ఆయన ఆ కాగితం కోసమే రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

మందులషాపులో పనిచేసే కూతురు రోజూ సాయంత్రం వచ్చి ఆ పుస్తకం తిరగేసేది. ఎర్రటి అయిదు కనిపించగానే గుండెల మీద బరువు దిగి, తన గదిలోకి వెళ్లిపోయేది.

ఆ సోమవారం ఆమెకి సెలవు. తలుపు దగ్గర నిలబడి తల దువ్వుకుంటూ ఉంటే, తండ్రి గదిలోంచి నడిచి రావడం కనిపించింది. కుడికాలి చెప్పు దారిలోనే ఉండిపోయింది. ఆయనకి తెలియలేదు. ఒంటి చెప్పుతోనే వచ్చి కూర్చున్నాడు. టీ తాగి కప్పు బల్ల అంచున, సగం గాలిలోకి పెడితే, తల్లి దాన్ని లోపలికి జరిపింది. అలవాటయిన చెయ్యి అది.

"గొడుగు, మేక, తాళం, నిచ్చెన, పసుపు," అన్నాడాయన.

తల్లి అయిదు వేసింది. కూతురు వచ్చి పుస్తకం అందుకుని, వెనక్కి ఒక్కో పేజీ తిప్పింది. గొడుగు, మేక, తాళం, నిచ్చెన, పసుపు. ఇంకో పేజీ. మళ్లీ అవే. రెండు వారాలుగా అవే.

ఆమె తండ్రి పక్కన కూర్చుని, నాన్నా, ఈసారి నేనడుగుతానని, కొత్తవి చెప్పింది. కిటికీ, ఏనుగు, దువ్వెన, వాన, నీలం. కాసేపు షాపు కబుర్లు చెప్పి, అవేమిటో చెప్పమంది. ఆయన నవ్వాడు. నవ్వుతూనే వెతుక్కున్నాడు. "గొడుగు..." అని భార్య మొహం వైపు చూశాడు.

ఆ చూపు కూతురికి చాలు. వంటింట్లోకి తీసుకెళ్లి తల్లిని నిలదీసింది. మాటలు రోజూ మార్చమని డాక్టరు చెప్పలేదా అని అడిగింది. చెప్పాడని తల్లి ఒప్పుకుంది. మొదటివారం మార్చే అడిగింది. ఒకరోజు రెండే చెప్పగలిగాడు, అది పుస్తకంలోకి ఎక్కించలేదు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాత పాఠం రాకుండా కొత్తది చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. వచ్చేదాకా అదే చదివించింది. తన చేతికింద ఇన్నేళ్లలో ఒక్క పిల్లాడూ తప్పలేదంది.

"ఇది పాఠం కాదమ్మా. జ్వరం చూసే కొలత. థర్మామీటరు చన్నీళ్లలో ముంచి జ్వరం తగ్గిందంటే సరిపోతుందా?"

"కట్టుకున్నవాడు తప్పాడని నా చేత్తో రాయమంటావా?"

"తప్పితే తప్పాడనే రాయాలి. రేపు వెనకాల యాభైమందిని కూర్చోబెట్టుకుని ఆయన బస్సు తోలితే?"

తల్లి స్టవ్వు ఆపింది. గొంతు పెంచలేదు.

"నువ్వు రోజూ పుస్తకం చూశావు. మూడు వారాల్లో ఒక్కరోజు మీ నాన్న మొహం చూశావుటే?"

కూతురు చేతిలోని పుస్తకం మూసింది. మందుల పేర్లన్నీ కంఠతా వచ్చిన తనకి, తండ్రి కాలు ఈడుస్తున్నాడని ఈ పొద్దుటిదాకా తెలియదు. తల్లి అబద్ధం రాసింది నిజమే. అది తనకీ హాయిగానే ఉంది.

గోడ పట్టుకుని ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"మీ అమ్మనేం అనకు తల్లీ. నేనూ కాపీ కొట్టాను," అని ఎడమ అరచెయ్యి చాపాడు.

నీలం సిరాతో రాసుకున్నాడు. గొడుగు, మేక, తాళం వరకు చదవొచ్చు. నిచ్చెన సగంలో ఆగింది. ఆ కింద వంకర గీత ఒకటి. పట్టు లేని చేతి రాత. తలనొప్పి పది రోజులుగా ఉందని, రాత్రి మాత్ర దొంగచాటుగా వేసుకుంటున్నానని చెప్పాడు. బస్సు ఎక్కాలన్న ఆశ ఒకటి. "ఇంకోటేమిటంటే, అయిదు వేసేటప్పుడు మీ అమ్మ మొహం ఎలా వెలుగుతుందో నువ్వు చూడలేదు. దానికోసం ఎన్నయినా రాసుకోవచ్చు."

ఆవిడ ఆ అరచేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. దిద్దడానికి అందులో ఏమీ మిగల్లేదు.

గంటలో ఆస్పత్రికి చేరారు. స్కానింగులో మెదడు ఎడమవైపు రక్తం దళసరిగా పేరుకుని, మెదడుని పక్కకి నెడుతోంది. ఆ మధ్యాహ్నమే పుర్రెకి రంధ్రాలు పెట్టి తీశారు. ప్రాణం దక్కింది. పది రోజుల ముందు వచ్చుంటే కుడిచెయ్యి కూడా దక్కేదేమో, ఇప్పుడు మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. స్టీరింగు సంగతి మరచిపోమన్నాడు. నోటుపుస్తకం పేజీ పేజీ తిప్పి చూసి, ఏమీ అనకుండా ఆవిడ చేతికి తిరిగిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడోరోజు పొద్దున్న నర్సు వచ్చి, మంచం పక్కన నిలబడ్డ ఆవిడని చూపిస్తూ, ఈమె ఎవరని ఆయన్ని అడిగింది.

ఆయన ఆవిడని చాలాసేపు చూశాడు. మర్యాదగా, కొత్తవాళ్లని చూసినట్టు చూశాడు. ఆవిడ పెదవులు కదిలాయి. వెనకబెంచీ పిల్లాడికి మొదటి అక్షరం అందించే అలవాటు. అది గమనించుకుని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు వచ్చి తల్లి భుజం పట్టుకుంది. ముగ్గురూ ఎదురుచూశారు.

"ఏం రాయమంటారు?" అంది నర్సు.

"తెలియదనే రాయండమ్మా," అంది ఆవిడ.

నర్సు రాసుకుని, కొన్నాళ్లకి గుర్తు రావచ్చు, రాకపోవచ్చు అని చెప్పి వెళ్లిపోయింది. తల్లి ఏడుస్తుంటే కూతురు, రేపట్నుంచి ఇద్దరం కలిసి అడుగుదామమ్మా అంది. ఆవిడ తలూపింది, నిలబడే ఉంది.

అప్పుడు మంచం మీద ఆయన, పనిచేస్తున్న ఎడమచేతిని ఊతంగా పెట్టుకుని, కష్టపడి గోడవైపుకి కొంచెం జరిగాడు. పక్కన ఖాళీ అయిన చోటు చూపించాడు.

"ఎంతసేపు నిలబడతారు? కూర్చోండి," అన్నాడు.

ఆవిడ కూర్చుంది.