పెన్సిల్ లోపలికి వంచితే

మా క్లినిక్‌లో నా పని చేతులు గీయడం. నవ్వకండి. మాదాపూర్‌లో అద్దాల బిల్డింగు, మూడో అంతస్తు, తలుపు మీద "వయసును వెనక్కి తిప్పండి" అని బంగారు రంగు అక్షరాలు. లోపల నేను, నల్లగండ్ల ఓంకార్‌ను, ఇరవై రెండేళ్లవాణ్ణి, పెద్దపెద్ద మేనేజర్ల అరచేతులు తెల్లకాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిల్ తిప్పుతుంటాను. అచ్చం ఒకటో తరగతి పిల్లల ఆటలాగా.

దానికో కారణముంది. మా డాక్టర్ రామబ్రహ్మం గారు ఇచ్చే సూదిలో ఉండేది గ్రోత్ హార్మోన్. చిన్నప్పుడు మనల్ని పొడుగు చేసేది అదే. వయసు మీదపడేకొద్దీ ఒంట్లో తగ్గిపోతుంది. దాన్ని బయటి నుంచి ఎక్కిస్తే పొట్ట కరుగుతుందని, ముడతలు పోతాయని, పోయిన వయసు తిరిగొస్తుందని వచ్చేవాళ్ల ఆశ. కానీ పెంచే మందుకు ఎక్కడ ఆగాలో తెలియదు. మించితే చేతులు, పాదాలు, దవడ పెరుగుతాయి. పైకి కనిపించనివి కూడా. అందుకే నెలకోసారి చెయ్యి గీసి, పాత కాగితం మీద పెట్టి వెలుతురుకు పట్టి చూస్తాం. కొత్త గీత పాత గీతను దాటిందా, సూది బంద్.

కిరణ్ పాల్ గారు మొదటిసారి వచ్చినప్పుడు అలవాటుకొద్దీ "రండి అంకుల్" అన్నాను. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆ మాట వినలేకే ఇక్కడికొచ్చానండి."

యాభై ఒకటి ఆయనకు. గుంటూరు నుంచి వచ్చి పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. టీమంతా నా ఈడువాళ్లేనట. పైన కొత్తగా వచ్చిన బాస్‌కు ఇరవై తొమ్మిది.

"అయితే తమ్మీ అని పిలుస్త. ఓకేనా?" అన్నాను. పగలబడి నవ్వాడు.

అప్పటి నుంచి అదే ఆట. "ఏం తమ్మీ, మీసం మొలిచిందా?" "ఇంకా లేదన్నా, పాలు తాగుతున్నా." బల్ల మీద పెళ్లి ఉంగరంతో టక్, టక్‌మని కొడుతూ కూర్చునేవాడు. "తెలంగాణ వచ్చినంక గుంటూరోళ్లకు సూది బంద్ తమ్మీ" అని ఏడిపిస్తే, "అప్పటికి చంటిపిల్లాణ్ణి అయిపోతానన్నా. ఎత్తుకుని తిప్పు. చంటిపిల్లాణ్ణి ఏ ఊరని ఎవడడుగుతాడు?" అనేవాడు.

ఆరో నెల గీత దాటింది. బియ్యపుగింజంత.

ఉంగరం కూడా వేలికి బిగిసిపోయింది. కిరణ్ పాల్ గారు కాగితం చూశాడు, నన్ను చూశాడు. నవ్వు లేదు.

"ఆఫీసులో జాబితా తయారవుతోందన్నా. ఎవర్ని ఉంచాలో, ఎవర్ని పంపాలో. ఈ ఒక్క నెల..."

"తమ్మీ ఏడుస్తే అన్న చూస్తూ కూసుంటడా?" అన్నాను. కొత్త కాగితం తీసి మళ్లీ గీశాను. పెన్సిల్ నిటారుగా పట్టుకుంటే గీత ఉన్నదున్నట్టు పడుతుంది. మొన వేలి కిందికి వంచితే బియ్యపుగింజంత తగ్గుతుంది. అంతే. చిన్న చిలిపి పని. డాక్టర్ గారు వెలుతురుకు పట్టి చూసి "భేష్" అన్నారు.

ఒక్క నెల నాలుగు నెలలైంది. ప్రతి నెలా కొంచెం ఎక్కువ వంచాను.

పంపేవాళ్ల జాబితాలో ఆయన పేరు రాలేదు. ఉద్యోగం నిలిచింది. పదో నెలలో ఆ ఉద్యోగపు కుర్చీలోనే పోయాడు.

గుండె పెరిగిందట.

నెల తిరిగేసరికి ఆయన భార్య లీదియా గారు ఫోన్ చేశారు. అది సకల జనుల సమ్మె కాలం. బస్సులు లేవు, బొగ్గు లేదు, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. "రేపు జ్ఞాపకార్థ కూడిక బాబూ. ఆయన చేతి గీతలు మీ దగ్గరున్నాయటగా. ఉంచుకుంటాను, ఇస్తావా?"

ఆ సాయంత్రం ఏడింటికి క్లినిక్‌కు వెళ్లాను. ఎటూ ఫ్రిజ్‌లో మందుల చుట్టూ ఐసు పేర్చిరమ్మని డాక్టర్ గారు చెప్పారు. బిల్డింగులో ఒక్క కిటికీలో దీపం లేదు. జనరేటర్‌లో డీజిల్ అయిపోయిందని వాచ్‌మన్ అన్నాడు. మెట్లెక్కుతుంటే మెయిన్ రోడ్డు మీద డప్పులు, "జై తెలంగాణ" కేకలు వినిపించాయి. తలుపు వేయగానే అవి ఆగిపోయాయి. స్పిరిట్ వాసన. దాని కింద తడిమట్టి వాసన... మూడో అంతస్తులో మట్టి ఎక్కడిది?

ఫోన్ టార్చ్ వెలుగులో ఐసు పేర్చాను. బీరువాలో ఫైలు వెతికాను. మొదటి రోజుది కలిపి పది కాగితాలు. బల్ల మీద పరిచాను.

టార్చ్ ఆరిపోయింది.

కుర్చీ కిర్రుమంది. నా కుర్చీ కాదు. ఎదుటిది.

"అన్నా..."

నవ్వుదామనుకున్నాను. నాకు భయమేస్తే నవ్వే వస్తుంది. రాలేదు.

"తమ్మీ?"

"సరిగ్గా గియ్యన్నా. ఈసారి సరిగ్గా."

ఉంగరం చప్పుడు కోసం చెవులు రిక్కించాను. లేదు. ఏదో చల్లగా, బరువుగా బల్ల మీద వాలింది. బల్ల మూలిగింది. తడుముకుని పెన్సిల్ అందుకున్నాను. చిటికెన వేలి పక్కన మొన ఆనించాను. నిటారుగా. నేను పనిలో చేరాక ఎప్పుడూ అంత నిటారుగా పట్టుకోలేదు.

పైకి జరిపాను. వేలి కొస రాలేదు. ఇంకా జరిపాను... కాగితం అయిపోయింది. మొన చెక్క మీద గరగరలాడింది. కొస రాలేదు. బల్ల అంచు వచ్చింది. లేచి నిలబడ్డాను. వంగి, మోకాళ్ల మీద పాకుతూ, చల్లటి చర్మాన్ని ఆనుకునే గీస్తూ పోయాను.

"నొప్పిగ ఉందా తమ్మీ?"

గీస్తూనే ఉన్నాను.

"ఆగట్లేదన్నా," అన్నాడు. చిన్నపిల్లాడి గొంతు. "లీదియాకు చెప్పు. తనదే పొరపాటనుకుంటోంది."

కరెంటు వచ్చింది.

ఎదుటి కుర్చీ ఖాళీ. గీత కాగితం దాటి, బల్ల దాటి, నేల మీదుగా గోడ దాకా పోయింది. ఎక్కడా వెనక్కి తిరగలేదు. నా వేళ్ల మధ్య పెన్సిల్ గోరంత మిగిలింది.

తెల్లారి, కూడికకు ముందే, సమాధుల తోటకు వెళ్లాను. ఆయన్ని పెట్టిన చోట చెప్పులు మూడడుగుల దూరంలో, కాళ్ల వైపున విడిచాను. లీదియా గారు తెల్లచీరలో నిలబడి ఉన్నారు. రాళ్లు పేర్చే మేస్త్రి ఎల్లేశం కొలత దారం పట్టుకుని తల గోక్కుంటున్నాడు.

"నాకు సమజైతలేదమ్మా. నిన్న ఈ దారం సరిపోయింది. ఇయ్యాల జానెడు తక్కువైతంది. ఎవలన్న మన్ను జరిపిన్రా ఏంది?"

ఆమెకు అది వినిపించినట్టు లేదు. కాగితాలు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి ఆకాశానికి పట్టారు. పది గీతలూ ఒక్కటిగా కలిసిపోయాయి.

"చూడు బాబూ. ఏమీ పెరగలేదు," అన్నారు. "చేతులు వాచాయండీ, ఆ సూదులు మానేయండీ అని రోజూ పోరాను. చివరి రోజు పొద్దున కూడా. అన్నం తినకుండా వెళ్లిపోయారు. నాదే పొరపాటు. అనవసరంగా..."

ఎల్లేశం నీళ్ల కోసం పోయాడు. ఇక నేను, ఆమె, ఆ మట్టి.

"మీది కాదాంటీ. నాది." చెప్పేశాను. బియ్యపుగింజ సంగతి, వంచిన మొన సంగతి, నాలుగు నెలల సంగతి. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది.

లీదియా గారు కాగితాలు నెమ్మదిగా మడిచారు.

"ఉంగరం కోసి తీశారు బాబూ. పొద్దున కొలిచి తెచ్చిన పెట్టెలో సాయంత్రానికి కాళ్లు పట్టలేదు. ఎవరితోనూ అనలేదు నేను. నాకే మతి పోయిందనుకున్నాను." నన్ను క్షమించానని మాత్రం అనలేదు.

మట్టి పక్కన కూర్చున్నారు. దాని మీద అరచెయ్యి ఆనించి, రాత్రిళ్లు కాళ్లు పీకుతున్నాయని ఏడ్చే పిల్లలను జోకొట్టినట్టు, మెల్లగా తట్టారు.

"ఇక చాలండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ అంకుల్ అనరు. పడుకోండి."

గాలి లేదు. డప్పులు లేవు. ఆమె చెయ్యి చప్పుడొక్కటే.

నేను కళ్లు తుడుచుకుని, పోదామని చెప్పుల కోసం తిరిగాను. మూడడుగుల దూరంలో విడిచిన చెప్పులు. విడిచినచోటే ఉన్నాయి. వాటి మడమల మీదికి మట్టి ఎక్కి ఉంది.