భయం తీసేసిన గొంతు

ఇందుజ బడికి బయలుదేరి గుమ్మం దాటబోతుంటే వీధిలో ఎవరో తుమ్మారు. "కాసేపు కూర్చుని వెళ్ళవే" అంది తల్లి మంగతాయారు. ఆ పిల్ల మారుమాట్లాడకుండా చెప్పులతోనే అరుగు మీద కూర్చుంది. ఇంట్లో మాటలు వింటూ కబుర్లు చూపించే గోడ ఫలకం మీద, ఆలస్యానికి ఆ రోజు మార్కు అప్పుడే తరగడం మొదలైంది.

ఏడాది చివర పరీక్షలన్న మాట ఆ రోజుల్లో లేదు. పిల్లల మెడలో ఒక బిళ్ళ ఉండేది. వేళకు వచ్చారా, పాఠం మీద ఎంతసేపు మనసు పెట్టారు అన్నది అదే కనిపెట్టి సాయంత్రానికి ఒక అంకె వేసేది. అలా ఏళ్ళ తరబడి పోగుపడ్డ అంకెలన్నీ కలిపితే నిత్యాంకం. ఇందుజ నిత్యాంకం ఎప్పుడూ నేల మీద పాకుతుండేది. వాన పడితే బడి మానిపించేది తల్లి. పక్క వీధిలో ఎవరికో జ్వరమంటే మానిపించేది. ఉప్పాడ సముద్రపు గోడ మీంచి ఒక అల ఎగిరి పడిందంటే ఇక వారమంతా ఇంట్లోనే. ఆ గోడ దగ్గర నీటి తలుపులు చూసుకునే సుబ్బారాయుడు, ఇందుజ తండ్రి, నవ్వేవాడు. మీ అమ్మ ఒక్కతీ కాపలా ఉంటే చాలు, మా ఉద్యోగాలన్నీ పీకెయ్యొచ్చనేవాడు.

ఇంట్లో కూర్చున్న పిల్ల ఊరికే కూర్చోలేదు, చదివింది. అందుకే పై చదువుల ప్రవేశానికి ఒక్క పూటలో తేల్చేసే ఏకపరీక్షలో జిల్లా మొత్తానికీ మొదట నిలిచింది. నిత్యాంకం పాతాళంలో, ఏకపరీక్ష ఆకాశంలో. ఇలాంటి పిల్లను ఏం చెయ్యాలో తెలియక నల్లకొండ విద్యాపీఠం వాళ్ళు, తల్లిని వెంటబెట్టుకు రమ్మని ఆ ఉదయమే ఫలకం మీద కబురు పంపారు. అక్కడ సీటు దొరకడమంటే మాటలు కాదు. ఇందుజకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదొక్కటే కోరిక.

కొండ మీద వాళ్ళను పలకరించిన అధికారిణి పేరు పరిమళ. తోట చూసి రమ్మని పిల్లను బయటికి పంపి, తలుపు వేసి, తన కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. గోడంత తెర మీద ఛాయాదర్శిని వెలిగింది. ఆ యంత్రం సంగతి మంగతాయారుకు తెలియనిదేం కాదు. మనిషి గడిపిన రోజులన్నీ అందులో పోస్తే అచ్చం ఆ మనిషిలాంటి ఛాయ ఒకటి తయారై, రాబోయే ఏళ్ళన్నీ టీ తాగేంత సేపట్లో బతికి చూపిస్తుంది. పెళ్ళి సంబంధాలకు కూడా జాతకం మానేసి ఛాయ చూసుకుంటున్న కాలం. తెర మీద ఇందుజ ఛాయ వానలో సంచీ భుజాన వేసుకుని కొండ దిగిపోతోంది.

"పాపలో ఏ లోపమూ లేదమ్మా" అంది పరిమళ. "కానీ ఎన్నిసార్లు నడిపినా రెండో ఏడు వానాకాలంలో చదువు వదిలేసి వెళ్ళిపోతోంది. మీ ఫోను వచ్చిన మర్నాడే."

"అంటే నా వల్లేనాండీ?"

"మీరు లేకుండా ఒకసారి నడిపి చూశాం. నాలుగేళ్ళూ ఉంది, మొదటి వరసలో బయటికొచ్చింది."

మీరు లేకుండా అన్న మాట వినగానే మంగతాయారు తన పెద్దకర్మ దాకా ఊహించేసుకుంది. పరిమళ అది కనిపెట్టి, అంత అవసరం లేదని నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మాటజల్లెడ అని ఒకటుంది. మీరు ఎన్నిసార్లయినా ఫోను చేసుకోవచ్చు. గొంతు మీదే, యాస మీదే. మీ మాటల్లో ఉత్త భయం ఎంత ఉంటే అంతా జల్లెడలో నిలిచిపోతుంది, ఆ చోట మీ గొంతుతోనే ఒక ధైర్యపు మాట పడి పాపకు చేరుతుంది. నిజంగా ప్రమాదమైతే మాట మాటగానే వెళ్తుంది. షరతు ఒక్కటే. పాపకు ఈ సంగతి తెలియకూడదు. తెలిస్తే మీరు చెప్పని భయాన్ని కూడా తనే ఊహించుకుని దిగిపోతుంది, ఛాయ ఆ మాటా చెప్పింది. తెలిసిన రోజున సీటు రద్దవుతుంది.

"ఏది ఉత్తదో ఏది నిజమో దానికెలా తెలుస్తుందండీ?"

"పాప పుట్టినప్పటి నుంచీ మీ ఇంటి ఫలకం విన్న మీ మాటలన్నీ ఉన్నాయి కదమ్మా. వాటి మీదే నేర్పిస్తాం."

చదువుకున్నవాళ్ళు, తెలిసే చెబుతారనుకుంది. కిటికీలోంచి చూస్తే ఇందుజ తోటలో ఒక రాతిబల్ల మీద చెయ్యి ఆనించి, అప్పుడే తనదైపోయినట్టు నిలబడి ఉంది. "సరేనండి" అంది మంగతాయారు.

ఆ తర్వాత ఏడాది ఇందుజ నిత్యాంకం కొండలాగే పైకి లేచింది. సుబ్బారాయుడు గోడ మీద పనివాళ్ళందరికీ కాజాలు పంచాడు. మంగతాయారు రోజూ ఫోను చేసేది. పిడుగులు పడుతున్నాయిట, కిటికీ దగ్గర కూర్చోకే అంటే, అవతల నుంచి పిల్ల నవ్వుతూ, ఇక్కడా వాన బాగుందమ్మా అనేది. తన గొంతు అక్కడ ఏం పలికిందో ఈమెకు తెలిసేది కాదు. ఒకసారి ఇందుజ, "నువ్వు చాలా మారిపోయావమ్మా. మా వాళ్ళందరితో చెప్పుకుంటున్నా" అంది. ఆ మెప్పు ఎవరికి చెందుతుందో మంగతాయారుకు తెలియలేదు.

రెండో ఏడు ఒక సాయంత్రం, కడుపులో కుడిపక్క కొంచెం నొప్పిగా ఉందమ్మా అంది ఇందుజ.

ఇప్పుడే ఆసుపత్రికి పోవే, ఎవరినైనా తోడు తీసుకుని పోవే, రేపు క్లాసు లేదు గీసు లేదు అని మంగతాయారు అరిచింది. అవతల నుంచి, "సరేలే అమ్మా, పడుకుంటా" అన్న మాట వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే నెమ్మది. నేను కొండెక్కుతానని చీర సర్దుకుంటుంటే భర్త అడ్డుపడ్డాడు.

"కొంచెం అని పిల్లే అంటోంది కదే. నిజంగా ప్రమాదమైతే జల్లెడ వదిలేస్తుందని వాళ్ళు చెప్పలేదూ? నువ్వు అడ్డం రాకపోబట్టే కదా అది ఇంతదయింది."

ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే ఆమెను కూలేసింది. తన భయం పనికిరాని సరుకని అంకెలతో సహా తేలిపోయింది కదా. జన్మలో మొదటిసారి మంగతాయారు తన భయాన్ని తానే నమ్మలేదు. అన్నం తిని పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కొండ మీది ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. పేగు తోక, అదే అపెండిక్సు, లోపలే పగిలి విషం పాకిందట. వాళ్ళు చేరేసరికి ఆపరేషను అయిపోయింది, ఇంకొకటి చెయ్యాలన్నారు. బతుకుతుంది గానీ ముందున్నంత గట్టిగా ఉండకపోవచ్చన్నారు.

నడవాలో పరిమళ ఎదురొచ్చింది. ఆవిడ కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. జల్లెడ పొరపాటు పడలేదంది. ఇన్నేళ్ళ మీ మాటల్లో ఒక్క భయమూ నిజమైన దాఖలా లేదు, ఇదీ వాటి వరసలోదే అనుకుంది అంది. ఆసుపత్రి రోజులకు నిత్యాంకం తగ్గించరని చెప్పింది. వెళ్ళబోతూ ఆగి, గొంతు తగ్గించి, షరతు మాత్రం అలాగే ఉందమ్మా అంది.

మూడో నాటికి ఇందుజ మాట్లాడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మంగతాయారు తడిగుడ్డతో అద్దుతూ, రెండో చేత్తో కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"నొప్పి చాలానే ఉందమ్మా ఆ రోజు. నువ్వు కంగారుపడతావని కొంచెమే అన్నాను. నువ్వేమో 'తగ్గిపోతుందిలే' అన్నావు. మా అమ్మే భయపడలేదంటే ఇందులో ఏమీ లేదనుకున్నా. పొద్దున్నే క్లాసుకి కూడా వెళ్ళాను." కాసేపు ఆయాసపడింది. "ఎందుకు భయపడలేదమ్మా?"

మంగతాయారు చేతిలో గుడ్డ ఆగిపోయింది. చెబితే ఈ మంచం మీదే సీటు పోతుంది. ఇంత నరకం పడి ఈ పిల్ల సంపాదించుకున్నది ఆ ఒక్కటే.

"ఏమోనమ్మా" అంది. "పెద్దదానివయ్యావు కదా, నువ్వే చూసుకుంటావనుకున్నాను."

ఇందుజ తల్లి మొహం వంక చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి లాక్కుని దుప్పట్లో పెట్టుకుంది.

చదువు పూర్తయ్యేదాకా ఆమె మళ్ళీ ఏ నొప్పీ తల్లితో చెప్పలేదు. ఫోను చేసినప్పుడల్లా బాగున్నానంటే బాగున్నానని ఇద్దరూ చెప్పుకునేవారు. ఆ మాటల్లో జల్లెడ పట్టడానికి ఇక ఏమీ ఉండేది కాదు.