పగ్గం పట్టిన మనిషి

పలక మీద ముప్పై ఒకటి పడ్డది.

పెంటయ్య చుక్కను రింగుల ఇంకో సుట్టు తిప్పిండు. తలకాయ ఎత్తి మళ్ల సూసిండు. ముప్పై ఒకటే. కంచె అవతల జనం సెల్లుల మీద చుక్క పేరును పక్కకు నూకి ఇంకో గుర్రాన్ని ఎతుక్కుంటున్నరు. ఒక్కడన్న చుక్క మొకం సూడలే.

ఆ రేసుకోర్సుల గుర్రాలను సూసుడు బందై రెండేండ్లైంది. అంతకు ముందు అట్ల కాదు. రేసుకు కొంచెం ముంగట సైసులు, అంటే గుర్రాన్ని తోమి, మేపి, పగ్గం పట్టేటోళ్లు, రింగుల గుండ్రంగ నడిపిస్తుంటె జనం కంచెకు ఆనుకొని సూసేటోళ్లు. చెమట ఎక్కడ పట్టింది, చెవులెటు తిరిగినయి, మెడ ఎట్ల ఊపుతున్నది. గంట కొట్టెదాంక ఒకటే లొల్లి. ఇప్పుడు ఆ పని కన్ను చేస్తున్నది. కన్నంటే గుంజలకు బిగించిన ఆరు కెమెరాలు, ఒక కంప్యూటర్. గుర్రం రింగుల నడిచినంతసేపు నూటికి ఇన్ని అని పలక మీద ఏసుకుంట, మార్సుకుంట పోతది; గంట కొట్టినప్పుడు ఉన్నదే ఆఖరు లెక్క. ఎనభై దాటిన గుర్రం పదిట్ల ఎనిమిదిసార్లు గెలుస్తున్నది. నలభైకి తక్కువొస్తె ఆ పొద్దు ఉరకనియ్యరు. వరుసగ మూడుసార్లు తక్కువొస్తె పేరు కొట్టేసి లారీ ఎక్కిస్తరు. ఆ లారీ ఎటు పోతదో ఎవ్వలు అడుగరు.

చుక్కకు ఇది రెండోసారి. మూడోది బుధవారం.

పెంటయ్య భార్య సత్తెమ్మ పోయి ఆరు రోజులైంది. ఇంట్ల మైల ఉన్నదని సుట్టాలు బయటికి పోవద్దన్నరు. ఆయన మూడోనాడే లేచి లాయానికొచ్చిండు. మైల మనకుంటది గాని గుర్రానికి ఆకలుండదా అన్నడు. చుక్క ఇంకొకల చేతిల తినది. దానికి కోసిన గడ్డి సత్తెమ్మ కోసిందే. నొసట తెల్ల మచ్చ సూసి చుక్క అని పేరు పెట్టింది గూడ ఆమెనే. రేసు పుస్తకంల దానికి నోరు తిరుగని ఇంగ్లీషు పేరేదో ఉన్నది. రేసు ఉన్న రోజు సత్తెమ్మ కంచె మూలకు నిలవడి, కొంగుల ముడేసిన బెల్లం ముక్క తీసి పెట్టేది. "నన్ను చేసుకున్నవా, దీన్ని చేసుకున్నవా?" అని మొగుణ్ని ఎక్కిరించేది. ఇప్పటికి గూడ ఆ మూలకు రాంగనె చుక్క ఆగుతది. మోర సాపుతది. ఆడ ఎవ్వలుండరు.

ఆదివారం పొద్దుగాల పెంటయ్య చుక్కను నడిపిచ్చుకుంట రింగులకు పోయిండు. కన్నును తయారు చేసిన నిరుపమ మేడం ఆడ గుంజెక్కి కెమెరాలు తుడుస్తున్నది.

"బిడ్డా, నీ మిషిను తప్పు చెప్తున్నది," అన్నడు.

"తప్పు చెప్పదు తాతా. గుర్రం అడుగునీ ఊపిరినీ సెకనుకు వెయ్యిసార్లు చూస్తుంది. మీరూ నేనూ అంత చూడలేం."

"వెయ్యిసార్లు ఎందుకు? ఒక్కసారి కిందికి సూడు." పెంటయ్య ఇసుకల గొంతుకూసున్నడు. "ఇది ముంగటి కాలు పడ్డ జాగ. ఇది ఎనక కాలు. ముంగటి జాడను దాటి ఎంత దూరం పడ్డది? ఆరు వేళ్ల దూరం. గుర్రం మంచిగుంటె ఎనక కాలు గిట్ల దాటి పడుతది. ఒంట్ల బాగలేకుంటె ఎనకనే పడుతది. దీనికి ముప్పై ఒకటి ఎట్ల ఏసింది?"

నిరుపమ కిందికి దిగొచ్చి జాడ సూసింది. వేళ్లు పెట్టి కొలిచింది. "ఎవరు నేర్పారు తాతా ఇది?"

"ఎవలు నేర్పుతరు? ముప్పై ఏండ్లు ఎనక నడిస్తె అదే ఒస్తది."

"సరే, కన్ను ఆన్ చేస్తా. మళ్లీ నడిపించండి."

నడిపిచ్చిండు. పలక మీద ఇరవై ఎనిమిది.

పెంటయ్య చుక్కను నీడకు తోలి కట్టేసిండు. దానికి నీళ్లు పెడుదామని, పగ్గం ముక్క చేతిలనే పట్టుకొని, బకీటుకోసం రింగుకు అడ్డంగ నడుచుకుంట పోయిండు. సత్తెమ్మ నిలవడే మూల దాటిండు.

"తాతా, ఆగండి," అన్నది నిరుపమ.

ఆగిండు.

"పైకి చూడండి."

పలక మీద ఇరవై ఎనిమిది ఉన్నది.

"అది ఇందాకటిది గాదా?"

"కాదు. ఇందాకటిది చెరిపేశాను." ఆమె మళ్ల పలక దిక్కు సూసింది. "ఇది ఇప్పుడు వేసింది."

రింగుల గుర్రం లేదు. చుక్క నీడల తోక ఆడిచ్చుకుంట నిలవడ్డది. రింగుల ఉన్నది పెంటయ్య ఒక్కడే, చేతిల మూరెడు పగ్గం.

నిరుపమ ఇసుకల కూసున్నది. బట్టలకు మట్టంటుతున్నదన్న సోయి లేదు. చెప్పుకొచ్చింది. "దీనికి మేము ఏదీ నేర్పలేదు తాతా. పాత రేసుల వీడియోలు వేలకొద్దీ చూపించాం. గెలిచిన గుర్రాలు రింగులో ఎలా ఉన్నాయో చూసి అదే నేర్చుకుంది. గుర్రాన్నే చూస్తోందనుకున్నాం. ప్రతి వీడియోలో గుర్రం పక్కన ఒక మనిషి ఉన్నాడు. పొద్దున్నే గుర్రం కాళ్లు కడిగినప్పుడే మీ చేతికి తెలిసిపోతుంది, ఇవాళ ఇది గెలుస్తుందని. ఆ ధీమా మీ భుజాల్లోకి వస్తుంది. కన్ను దాన్ని పట్టుకుంది. ఇప్పుడు మీ నడకలో అది లేదు."

"నాకు తెల్వదు బిడ్డా గవన్ని."

"మీకు తెలీదు. మీ నడకకు తెలుసు."

పెంటయ్య చేతిలున్న పగ్గం దిక్కు సూసిండు. "అంటే చుక్క పేరు కొట్టేస్తున్నది నేనా?"

ఆమె లేచి గుంజకాడికి పోయి కన్ను ఆపింది.

ఆ పొద్దే నిరుపమ తన కంపెనీకి సంగతంత రాసింది. మిషిను ఆపుమన్నది. సోమవారం జవాబొచ్చింది. పదిట్ల ఎనిమిదిసార్లు నిజం చెప్పేదాన్ని ఎందుకు ఆపాలె? ఇంట్ల చావైన సైసు ఏడాదిదాంక లాయానికి గాని రింగుకు గాని రావద్దు. గేటు మీద కాయితం అతికిచ్చిండ్రు. ఎవలో సదివి చెప్తె పెంటయ్య నమ్మలే. సుట్టాలు పెట్టిన మైల పదకొండు రోజులు. మిషిను పెట్టిన మైల ఏడాది.

చుక్కను లింగమనే ఇంకో సైసు చేతికిచ్చిండ్రు. లింగానికి పెండ్లై ఇర్వై రోజులు. "ఫికర్ చెయ్యకు కాకా," అన్నడు లింగం, "నా ఇంటిదాని పేరు తలుచుకుంట తిప్పుతె వందకు వంద పడుతయ్." పెంటయ్యకు నవ్వొచ్చింది. అంతల్నే ఆగిపోయింది.

బుధవారం పెంటయ్య కంచె అవతల, సత్తెమ్మ నిలవడే జాగల నిలవడ్డడు. జేబుల బెల్లం ముక్క. లింగం సీటి కొట్టుకుంట చుక్కను తీస్కొచ్చిండు. పలక మీద తొంభై మూడు. జనం గుంపు గుంపంత ఒకటే సప్పుడు.

పెంటయ్య పలకను సూడలే. కిందికి సూసిండు. ఎనక ఎడమ కాలు ముంగటి జాడను దాటుడు గాదు, అందుకుంట గూడ లేదు. నాలుగు వేళ్లు ఎనకనే పడుతున్నది.

చుక్క మూలకొచ్చి ఆగింది, మోర సాపింది. పెంటయ్య కంచె సందుల్నుంచి చెయ్యి పెట్టిండు. బెల్లం తినలే. చెయ్యిని వాసన సూసి ఊకున్నది.

"లింగం, ఎనక కాలు పట్టుకొని సూసినవా?"

"ఎందుకు కాకా? తొంభై మూడొచ్చింది."

చుక్కకు తర్ఫీదిచ్చే ఇర్ఫాన్ సాబ్ ఆడనే ఉన్నడు. పెంటయ్య ఆయన దిక్కు మర్రిండు. "సాబ్, దీనికి కాలు నొస్తున్నది. ఉరికితె ఇరుగుతది."

"మియా, రెండుసార్లు నీతోని పేరు పోతుండె. ఇయ్యాల దేవుడిచ్చిండు. గమ్మునుండు."

"ఒక్కసారి కిందికి సూడు సాబ్."

సాబ్ పైకి సూసిండు. పలక దిక్కు.

గంట కొట్టనీకె ఇంకొక సుట్టున్నది. ఉరకనిస్తె కాలు పోతది. కాలు పోయిన గుర్రాన్ని మైదానంలనే తెర కట్టి సూదేసి సంపుతరు. ఆపాలంటె నలభైకి తక్కువ రావాలె. తక్కువొస్తె మూడోసారి, పేరు పోతది.

పెంటయ్య కంచె కింది నుంచి దూరిండు. కావలాయన అరిచిండు. లింగం నోరు తెరిచి సూస్తుంటెనే వాని చేతిల నుంచి పగ్గం గుంజుకున్నడు. పెంటయ్య కొత్తగ ఏం చెయ్యలే. ఎట్ల నడుస్తడో అట్లనే నడిచిండు, సత్తెమ్మ లేని ఇంటికి రోజు పొద్దుమూకి ఎట్ల పోతున్నడో అట్ల.

పలక మీద అరవై ఏడు. నలభై నాలుగు. ఇరవై ఆరు.

జనం సప్పుడు ఒక్కసారి బందైంది. చుక్కకు మైదానం గేటు మూసిండ్రు. లౌడ్‌స్పీకర్ల చుక్క ఇంగ్లీషు పేరు సదివి, కొట్టేసినమని చెప్పిండ్రు.

డాక్టరొచ్చి ఎనక కాలుకు ఎక్స్‌రే తీసిండు. బొక్కకు ఎంటికంత చీలిక. ఉరికితె మొదటి మలుపుల్నే రెండు ముక్కలైతుండె అన్నడు. ఇర్ఫాన్ సాబ్ టోపీ తీసి, మళ్ల పెట్టుకొని, ఎటో సూసుకుంట అన్నడు, "పేరు లేని గుర్రాన్ని నేను మేపలేను. లారీ ఎక్కియ్యనా, నువ్వు తీస్కపోతవా?"

"నేనే తీస్కపోత."

"ఉరకలేనిదాన్ని ఏం చేసుకుంటవ్?"

"ఉరికేపని ఏమున్నది సాబ్ ఇంట్ల. ఇంత గడ్డున్నది."

డాక్టరు కాలుకు పట్టీ గట్టిగ కట్టిండు. గుర్రాలను ఎక్కిచ్చుకపోయే బండి రోడ్డు మీద తయారుగ నిలవడ్డది. దానికాడికి పోవాలంటె రింగుల నుంచే తొవ్వ. చుక్క కుంటుకుంట, పెంటయ్య దానికి సరిగ అడుగేసుకుంట, మెల్లగ దాటిండ్రు. మూలకాడ చుక్క ఆగింది. ఈసారి బెల్లం తిన్నది.

జనమంత అప్పటికే మైదానం దిక్కు ఉరికిండ్రు. నిరుపమ ఒక్కతే గుంజకాడ నిలవడ్డది. ఆమెకు కన్ను ఆపాలన్న సోయి గూడ లేదు.

పలక మీద కుంటి గుర్రానికి తొంభై ఆరు పడ్డది.