ఏడో నంబరు మొక్క

మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే వినీల సైన్సు గదికి పరుగెత్తింది. కిటికీ దగ్గర పెరుగు కప్పుల్లో పది పొట్టి టమాటా మొక్కలున్నాయి. ఆమెది ఏడో నంబరు.

ఆ మొక్కలు ఎంత పెరిగినా జానెడే. మూడు నెలల్లో కాయలు కూడా పండుతాయి. అందుకే మొక్క ఎలా ఎదుగుతుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు వీటిని పెంచుతారట. ఎన్ని ఆకులు వేశాక మొదటి మొగ్గ వస్తుందో రోజూ చూసి రాయమన్నారు విజయ్ పాల్ మాస్టారు. విత్తనాలిచ్చిన పరిశోధకురాలికి ఆ లెక్కలు శుక్రవారం పంపాలి.

తన క్లాసులోని మెర్సీ మొక్కకు నిన్ననే మొగ్గ వచ్చింది. అప్పటినుంచి వినీలకు కాలు నిలవడం లేదు.

వాళ్లమ్మ దీనమ్మ కడియం నర్సరీలో పనిచేస్తుంది. బంతి మొక్కల తలలు గిల్లడం ఆమె పని. తల గిల్లితే పక్క కొమ్మలొచ్చి విరగబూస్తాయి. అది గుర్తొచ్చిందో లేదో, వినీల టమాటా తల పుటుక్కున గిల్లేసింది.

అరచేతిలోని చిగురు విప్పి చూస్తే మధ్యలో ఆవగింజలంత మొగ్గలు! ఈ మొక్కకు మొదటి మొగ్గ తలలోనే వస్తుందని ఆమెకు అప్పుడు అర్థమైంది.

చిగురు జేబులో దాచేసింది. పుస్తకంలో గబగబా రాసింది: 'తల పురుగు కొరికేసింది.'

మర్నాడు అది చదివి మాస్టారు కంగారుపడ్డారు. పురుగు మిగతా మొక్కలకూ పాకుతుందని, లెక్కలు ఆపి అన్నిటికీ వేపనూనె కొట్టాలని అన్నారు. పిల్లలంతా ఆకులు తిప్పి పురుగు కోసం వెతికారు. మెర్సీకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వినీల కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఇక ఉండలేకపోయింది.

"పురుగు లేదండి మాస్టారూ. నేనే గిల్లేశానండి."

మాస్టారు పుస్తకం ఆమె ముందు పెట్టారు.

"ఆ మాట రాయమ్మా. గిల్లాక ఏమవుతుందో కూడా చూసి రాయి."

వినీల పురుగు మాట కొట్టేసి, కింద 'నేనే గిల్లాను' అని రాసింది. శుక్రవారం ఆ పేజీ కూడా అలాగే వెళ్లింది.

వారం తర్వాత ఆకు మొదట్లో చిన్న పక్క చిగురు కనిపించింది. మధ్యలో ఏముందో విప్పి చూడాలని వేళ్లు ఒకటే దురద. వినీల ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడి చేత్తో పెన్సిల్ తీసింది.

'ఏడో నంబరు. పక్క చిగురు వచ్చింది. ముట్టుకోలేదు.'