గోడలు మోయని కప్పు

తెల్లవారేసరికి తాండూరు గనుల నుంచి బండ్లు వచ్చి రాళ్లు దించుతున్నాయి. పద్మమ్మ జొన్నరొట్టెల గంప మామ ముందు పెట్టి, పప్పు మిల్లు కోసం తవ్విన పునాదుల చుట్టూ తిరిగింది. ఏది చూసినా అడిగి తెలుసుకోవడం ఆమె అలవాటు. ఆ అలవాటు మామ ఈరయ్యకు నచ్చదు. భార్య పోయాక ఆయనకు నచ్చినవే తక్కువ.

"మేస్త్రీ, గీడ లేపే గోడ రేపు తీస్తె పైన బండలు నిలవడ్తయా?"

మేస్త్రి మొగులప్ప నవ్వాడు. "గోడల మీదనే గదమ్మా కప్పు. తీస్తె నెత్తి మీదికొస్తది."

"మరి రేపు పప్పు మిషను నడువకుంటె? వేరే పని పెట్టుకోవాల్నంటె?"

ఈరయ్య తింటున్న రొట్టె కింద పెట్టాడు. "నీ నోట్లెకెల్లి మంచి మాటే రాదా? పునాది తవ్విననాడే మిల్లు సావు అడుగుతున్నవా?"

"సావు గాదు మామా. మర్పల్లిల మా నాయిన గానుగ సుట్టు గోడలు కట్టిండు. నూనె మిషన్లొచ్చినయ్, గానుగ ఆగింది. గా కొట్టంల ఎలుతురు లేదు, దూడను కట్టనీకె జాగ లేదు. గోడ తీద్దామంటె కప్పు పడ్తది. ఉత్తగనే ఉన్నది."

"అయితె ఏమంటవ్?"

"రాతి కడీలు నాటుదాం, స్తంభాల లెక్క. కడీల మీద దూలాలు, దూలాల మీద బండలు. గప్పుడు గోడలు ఏం మొయ్యయి. ఎటు గావాల్నంటె అటు జరుపుకోవచ్చు."

"జరుపుడా!"

ఈరయ్య లేచాడు. ఆయనది గొర్రెలు కాచిన కుటుంబం. ఎరువు కోసం రైతులు పిలిస్తే రోజుకొక చేనులో మంద ఆపి, చుట్టూ తడకలు కట్టేవాళ్లు. తెల్లారితే ఆ తడకలు ఇంకో చేనుకు. నిజాం పాలన పోయి పదేళ్లు దాటాక, ఆ మందనే అమ్మి ఆయన మిల్లు మొదలుపెట్టాడు.

"బతుకంత తడకలు జరిపిన. కదలని గోడ ఒక్కటి కండ్ల జూద్దామని గొర్లమ్మిన. మల్ల నా నెత్తికి తడకలే తెస్తవా? పో. మీ నాయిన కొట్టంల కూసో పో!"

అంతవరకు తలవంచుకుని ఉన్న కొడుకు దేవప్ప కదిలాడు. "నాయినా, ఆమె పోతె నేను గూడ పోత."

"పో. ఎవరద్దన్నరు?"

బండ్ల దగ్గర కూలీలు పని ఆపి చూస్తున్నారు. పద్మమ్మ వెళ్లబోయి ఆగింది. పోయే ముందు కూడా అడగకుండా ఉండలేకపోయింది.

"మామా, ఒక్కటి చెప్పు. అత్త ఎట్ల పోయింది?"

ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగని మాట. దేవప్ప కూడా అడగలేదు. ఈరయ్య పునాది గుంటలోకి చూస్తూ చెప్పాడు.

"కొడంగల్ దిక్కు ఒక చేన్ల. వీడు పుట్టిన దినం. వాన. పచ్చి బాలింతరాలు, తెల్లందాక తడిసింది. మూడొద్దులు జరంల కాలి పోయింది." ఆయన ఆకాశం వైపు చూశాడు. "సుట్టు తడకలున్నయ్. నెత్తి మీద ఏం లేకుండె."

"తడకలేం జేసినయ్ మామా?" పద్మమ్మ మెల్లగా అంది. "కప్పు లేకుండె. నేనడిగేది గా కప్పే. కడీలు కదలయి, కప్పు కదలది. కింద మనుషుల అక్కెర మారుతది, గంతే."

ఈరయ్య కడీలు నాటవలసిన చోట్లు కళ్లతోనే కొలిచాడు. మిషను ఉండాల్సిన చోట నిలబడి నాలుగు దిక్కులూ చూశాడు. తర్వాత, కోడలిని ఆయన మొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు.

"కడీలు పెడితె, లోపట ఏమేం పడ్తయ్?"

"ఇయ్యాల పప్పు మిషను. ఎనుకకు బండలు నున్నగ జేసే మిషను. ఏదీ నడువకుంటె బడి. వానొస్తె దారిన పోయే మందలు."

"మిల్లుల గొర్లా?" అని వెక్కిరించాడు. మేస్త్రి వైపు తిరిగాడు.

"మొగులప్పా, కడీలకు ఎన్ని రాళ్లు గావాల్నో చూడు."

"మంచిది పటేలా. దర్వాజ ఎంత పెట్టాలె?"

"మంద పట్టేంత."

"ఒక్క మిషనుకు గంత దర్వాజనా?"

"మిషనుకు గాదు," అన్నాడు ఈరయ్య. "వానల తడిసెటోల్లకు." తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఇంకా గోడలు లేవని ఆ నేల మీదే కూలబడ్డాడు. దేవప్ప వెళ్లి తండ్రి పక్కన కూర్చున్నాడు.