అశోక్‌నగర్ మేకపోతు

"మేక పోయింది," అన్నాడు చీఫ్ విశ్వేశ్వరరావు.

ఏజెంట్ ఇంద్రసేన ముఖంలో ఏ మార్పూ లేదు. నారాయణగూడలో హోమియో మందుల షాపు వెనకగదే వాళ్ళ ఆఫీసు. "తలనొప్పికి పాత మందు కావాలి" అంటే గానీ తలుపు తెరుచుకోదు. మనిషిని చంపమన్నా మేకను వెతకమన్నా ఇంద్రసేన ఇలాగే వింటాడు. మూడో కాన్పులో భార్య విద్యావతి పోయినప్పటి నుంచీ అతని లోపల ఏదీ కదలడం లేదు. ఉద్యోగానికి అది మంచిదేనని డిపార్ట్‌మెంటు ప్రమోషన్ కూడా ఇచ్చింది.

"మామూలు మేక కాదయ్యా. అశోక్‌నగర్‌లో డాక్టర్ శ్రీరామమూర్తిగారి ల్యాబ్‌లో మేకపోతు. గర్భం నిలవడానికి ఆడవాళ్ళ ఒంట్లో ఒక హార్మోన్ పుడుతుంది. దాన్ని పట్టి ఆపే యాంటీబాడీ ఈ మేక రక్తంలో తయారైంది. ఎన్ని మేకలకు ఇంజెక్షన్లు చేసినా ఇదొక్కదానిలోనే! ఇది చస్తే ప్రాజెక్ట్ చచ్చినట్టే."

"ఎవరి పని?"

"ఆర్కిడ్ అనే విదేశీ ముఠా. వాళ్ళ గర్భనిరోధక మాత్రలు ఇక్కడ అమ్ముడుపోవాలంటే మన మందు పుట్టకూడదు. ల్యాబ్ అసిస్టెంట్ రత్నమాల డబుల్ ఏజెంట్. తుపాకీ పేల్చితే కేసు, విషం పెడితే పోస్ట్‌మార్టమ్. ఆ రెండూ లేకుండా చంపించే ప్లాన్ ఏదో వేసింది."

బయట డప్పులు మోగాయి. ఆషాఢం, ఆదివారం, బోనాలు. ఇంద్రసేన లేచాడు.

"అమ్మవారికిచ్చిన మేకకు పోస్ట్‌మార్టమ్ ఉండదు సార్."

ల్యాబ్‌కు దగ్గర్లోనే చిక్కడపల్లి సందులో పోచమ్మ గుడి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. నుదుట పసుపు, తలకు ఎర్ర తువ్వాలుతో ఇంద్రసేన వాళ్ళలో కలిసిపోయాడు. వేపమండల దండతో మేకపోతు తూలుతూ నిలబడి ఉంది. చెవికి ల్యాబ్ బిళ్ళ. తాడు పట్టుకున్నది ల్యాబ్‌లో మేకలకు గడ్డివేసే మాసమ్మ.

"ఏమైందక్కా?"

"పసుపునీళ్ళు పోస్తే ఒళ్ళు దులుపుతలేదయ్యా. దులిపితేనే అమ్మ ఒప్పుకున్నట్టు. మా బిడ్డ ఆరో కాన్పుల సావుదాక పోయొచ్చింది. అమ్మకు యాటపోతును మొక్కుకున్న. కొనెతందుకు నాకాడ పైసలేడున్నయి? డాక్టర్‌సాబ్‌కు దీంతోని పనైపోయింది, తీస్కపో అని గా రత్నమాలమ్మే ఇచ్చింది."

రత్నమాల టాక్సీ పక్కనే ఉంది. స్లీవ్‌లెస్ జాకెట్టు, నల్ల కళ్ళద్దాలు. మేక దారిలో అరవకుండా దానికి మత్తుసూది పొడిచింది. మత్తులో ఉన్న మేక ఒళ్ళు దులపదనీ, దులపని మేక మీద ఇక్కడ కత్తి పడదనీ ఆవిడకు గానీ ఆవిడ విదేశీ బాసులకు గానీ తెలియదు.

"ఇంకా ఎంతసేపు? నరికేయండి!" అంది.

"అమ్మ ఒప్పుకోకుంట కత్తి దించం," అన్నాడు కత్తి పట్టిన ఈదయ్య.

రత్నమాల చరచరా సోడా దుకాణానికి వెళ్ళి ఐసునీళ్ళ బకెట్టు తెచ్చి మేక మీద కుమ్మరించింది. మేక కళ్ళు తెరిచింది. దాని చర్మం జలదరించింది. ఈదయ్య కత్తి లేచింది.

ఇంద్రసేన జేబులో మత్తుసూది పెన్ను ఉంది. తీసే టైమ్ లేదు. దూకి మేకను రెండు చేతులా వాటేసుకున్నాడు. అది దులపబోయింది. అతను వదల్లేదు. దానితోపాటు అతని ఒళ్ళంతా ఊగిపోయింది. మేక గుండె అతని ఛాతీకి తగిలి టకటకా కొట్టుకుంటోంది. ఆస్పత్రి వరండాలో రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. విద్యావతి కోసం అతను గొంతెత్తి ఏడ్చాడు.

"పూనకం!" అని జనం చేతులు జోడించారు. "ఏం కావాలె తల్లీ, చెప్పు!"

ఎంత ఏడుస్తున్నా ఏజెంట్ ఏజెంటే.

"యాట వద్దు!" అని అరిచాడు. "కోడి చాలు!"

ఈదయ్య కత్తి దించాడు. రత్నమాల టాక్సీలోకి దూరి "పోనీ!" అంది. డ్రైవర్ వేషంలో ఉన్న డిపార్ట్‌మెంటు మనిషి బుచ్చిబాబు ఆవిణ్ణి నేరుగా చీఫ్ దగ్గరకే తీసుకెళ్ళాడు.

ఇంద్రసేన మాసమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. "దీని రక్తంల మందు తయారైతున్నదక్కా. మీ బిడ్డకు మళ్ళ కడుపు రాకుండ చేసే మందు."

మాసమ్మ మేక మెడలో వేపదండ తీసేసి, తన కొంగుతో దాని ఒళ్ళు తుడిచింది.

"అయితే మందు పక్కాగ పనిచేస్తదని తేలినంక, మొదటి సూది నా బిడ్డకే. అమ్మ నీ నోట చెప్పింది, నేనడుగుతున్న."

"గట్లనే," అన్నాడు ఇంద్రసేన.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! మన వైపు ఎవరైనా పోయారా?"

"ఒక కోడిపుంజు సార్. మాసమ్మ కూరలో కారం దండిగా వేసింది. కళ్ళల్లో నీళ్ళు ఇంకా ఆగడం లేదు."