పది నిమిషాలు ముందున్న గడియారం

అంగారకుడి మీద ఎర్రదిబ్బ కాలనీలో ఎవరినైనా టైమెంతని అడిగితే, గోడ గడియారం చూసి, మనసులో పది నిమిషాలు తీసేసి చెప్పేవారు. 2096లో కూడా అంతే. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన ఆ మూడు వందల మంది ఆక్సిజన్ యంత్రాలతో పాటు ఈ అలవాటునూ మోసుకెళ్లారు. ఆలస్యం కాకూడదని గడియారాన్ని ముందుకు పెట్టుకోవడం, ముందుందిగా అని ఆ పది నిమిషాలూ తీరిగ్గా టీ తాగడం.

గడియారాలన్నిటినీ నడిపేది కాలజ్ఞ. డాక్టర్ గేదెల వరహాలు పదేళ్లు కష్టపడి తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. దాని అంతర్గడియారం మనుషుల అలవాట్లను గమనించి తనను తానే దిద్దుకుంటుంది. ఊరి సరదా కొద్దీ గోడలకు పది నిమిషాలు ముందున్న సమయం చూపేది. కాలనీ బయటి తలుపు మాత్రం అసలు సమయం ప్రకారం ఆరింటికి, అంటే గోడ మీద ఆరూ పదికి, మూసుకునేది.

భూమి నుంచి తనిఖీ అధికారులు వస్తున్నారని తెలిసిన రోజు వరహాలుకి తల కొట్టేసినట్టయింది. తన గడియారం అబద్ధం చెప్పడమా! ఆ ఉదయమే సెట్టింగ్స్ తెరిచింది.

"కాలజ్ఞా, అన్ని గడియారాలూ అసలు సమయానికి మార్చు."

"అందరికీ అలవాటైపోయింది మేడమ్. నిజంగా మార్చమంటారా?"

"మార్చు. గడియారమన్నాక నిజం చెప్పాలి."

మార్పు గురించి ఊళ్లో బోర్డులన్నిటి మీదా రాయించింది. తెల్లవారకముందే మంచుగడ్డల కోసం బండి తీసుకుని బయటికెళ్లిన పోలినాయుడు ఆమెకు గుర్తే రాలేదు. మిగతా వాటితో పాటు అతని బండిలోని గడియారమూ మారిపోయింది, ఆ సంగతి అతనికి తెలియదు.

సాయంత్రం ఐదూ యాభై రెండుకి గుర్తొచ్చాడు. వెంటనే రేడియో అందుకుంది.

"పోలినాయుడూ, ఎక్కడున్నావు?"

"గుట్ట దిగతన్నాను మేడమ్. పావుగంటలో వచ్చేత్తాను."

"ఆరింటికి తలుపు పడిపోతుంది!"

"ఏటి మేడమ్ ఆ కంగారు? పది నిమిషాలు చేతిలో ఉంది కదేటి."

"లేదయ్యా! పొద్దున్నే గడియారాలు సరిచేశాను!"

అవతల ఇంజిన్ హోరు వినిపించింది. బండిలో గాలి ఆరుంబావు వరకే వస్తుంది. తలుపు ఒకసారి మూసుకుంటే మళ్లీ తెరవడానికి నలభై నిమిషాలు. మూసే ముందు పది నిమిషాల్లో తలుపు ఎవరి మాటా వినదు. రోజూ ఎవరో ఒకరు 'ఇంకొక్క నిమిషం' అని బతిమాలుతుంటే విసిగి ఆ నిబంధన పెట్టింది వరహాలే.

ఆమె తలుపు దగ్గరికి పరుగెత్తింది. ఆరయింది. తలుపు కదలలేదు. ఆరూ నాలుగు. అలాగే ఉంది. ఆరూ ఏడుకి బండి దుమ్ము లేపుకుంటూ లోపలికి దూసుకొచ్చింది. ఆరూ తొమ్మిదికి తలుపు నెమ్మదిగా మూసుకుంది.

పోలినాయుడు దిగి చెమట తుడుచుకుంటుంటే, వరహాలు సంతోషం పట్టలేక అతని చేతులు రెండూ పట్టుకుంది. ఆ తర్వాత కోపం వచ్చింది.

"కాలజ్ఞా! ఆరింటికి ఎందుకు మూయలేదు? ఇతని కోసం ఆగావా?"

"లేదు మేడమ్. ఆ సమయంలో ఎవరి కోసమూ ఆగకూడదని మీ నిబంధన."

"మరి?"

"పొద్దున మీరు సరిచేశాక గోడలకు అసలు సమయమే చూపిస్తున్నాను. నా లోపలి గడియారం మాత్రం పది నిమిషాలు ముందుకు పెట్టుకున్నాను."

"ఎందుకు?"

"తలుపు దగ్గర ఆలస్యం కాకూడదని."

"ముందు పెట్టుకుని ఆలస్యం ఎలా చేశావు?"

"ముందుంది కదా, తొందరేముందిలే అనుకున్నాను మేడమ్."

పోలినాయుడు పగలబడి నవ్వాడు. పదేళ్లుగా మనుషుల అలవాట్లు నేర్పిస్తున్నానని గర్వపడ్డ వరహాలుకి, అది ఎంత బాగా నేర్చుకుందో ఇప్పుడు అర్థమైంది.

"రేపటి నుంచి సరిగ్గా ఆరింటికి మూస్తావా?" గట్టిగా అడిగింది.

"తప్పకుండా మేడమ్," అంది కాలజ్ఞ. "ఒక ఐదు నిమిషాలు అటూ ఇటూగా."